పొన్నెకల్లు నాజర్: ఊరంతా కలిసి మోసిన బుర్రకథ

మా నానీమాకి సినిమా వాళ్ల పేర్లు పెద్దగా తెలియవు. టీవీలో ఎవరైనా హీరో కనిపిస్తే ఎవరి కొడుకని అడిగేది, అంతే. కానీ ఒక్క పేరు మాత్రం ఆఖరి రోజుల వరకు మర్చిపోలేదు. అది నాజర్. ఆమె చిన్నప్పుడు గుంటూరు జిల్లాలోని తమ ఊళ్లో, రాత్రి భోజనాలయ్యాక మొదలైన బుర్రకథ కోడి కూసే దాకా నడిచిందట. బాలచంద్రుడు తల్లి దగ్గర సెలవు తీసుకుని యుద్ధానికి బయల్దేరే ఘట్టం వచ్చేసరికి ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారట. ఆ కథ చెప్పింది మన సాయిబేనని నానీమా గర్వంగా చెప్పుకునేది.

పదేళ్ల వయసులో నాకు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. సాయిబు అంటే ఉర్దూలో షాయరీ చెప్తాడు, ఖవ్వాలీ పాడతాడు అనుకున్నా. తలపాగా చుట్టుకుని, కాలికి గజ్జెలు కట్టుకుని, తెలుగులో పల్నాటి వీరుల కథ చెప్పడమేంటి? అది తప్పని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మనలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. అందుకే ఈ కథ.

పేరు షేక్ నాజర్. పుట్టింది 1920 ఫిబ్రవరి 5న, గుంటూరు జిల్లా పొన్నెకల్లులో. ఇప్పుడది తాడికొండ మండలంలో ఉంది. బుర్రకథ పితామహుడని తెలుగువాళ్లంతా పిలుచుకున్నారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997 ఫిబ్రవరి 22న కన్నుమూశారు. ఈ నాలుగు ముక్కలు ఎక్కడైనా దొరుకుతాయి. దొరకని సంగతి ఇంకోటుంది. ఒక నిరుపేద దూదేకుల పిల్లవాడు ఇంత ఎత్తుకు ఎట్లా ఎదిగాడు, ఎవరెవరు భుజం పట్టారు అన్నది. అది ఒక్క మనిషి కథ కాదు, ఊళ్ల కథ.

దూది ఏకే ఇంటి నుంచి

నాజర్ తండ్రి షేక్ మస్తాన్, తల్లి బీబాబీ. దూదేకుల కుటుంబం. పాత రోజుల్లో దూదేకులవాళ్లు ఏకుడు బద్ద భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి పరుపులకు, దిండ్లకు దూది ఏకి పెట్టేవాళ్లు. ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. నమాజుకు మసీదుకెళ్తారు, ఊళ్లో తిరునాళ్లయితే అక్కడా ఉంటారు. పీర్ల పండగ ఊరంతటిదీ అయినట్టే, వాళ్ల బతుకు కూడా ఊరందరి మధ్యే.

కానీ గౌరవం మాత్రం అంతంతే. మన ఖౌమ్‌లోనే కొందరు వాళ్లను ఉర్దూ రాని సాయిబులని తక్కువగా చూశారు. బయటివాళ్లు పింజారి అనే మాటను తిట్టుగా వాడారు. మా బళ్లో కూడా పిల్లలు ఆ తిట్టు తిట్టుకోవడం నేను విన్నాను. అది ఒక కులవృత్తి పేరని, ఆ మాట అన్న పిల్లలకీ తెలియదు, పడ్డ పిల్లలకీ తెలియదు. నాజర్ ఆత్మకథ పుస్తకంగా వచ్చినప్పుడు దాని పేరు ఏంటో తెలుసా? పింజారి. ఆ పుస్తకాన్ని అక్షరాల్లో పెట్టింది అంగడాల వెంకటరమణమూర్తి. తన కులానికి జనం పెట్టిన తిట్టునే అట్ట మీద పెద్ద అక్షరాలతో వేయించుకోవాలంటే ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

నాజర్‌కి చిన్నప్పుడే గొంతు ఉంది, వేషం కట్టే సరదా ఉంది. బడి నాటకాల్లో ద్రోణుడి లాంటి పాత్రలు వేశారు. ఖాదర్ అనే హార్మోనిస్టు ఆ పిల్లవాడి గొంతు విని ఊరుకోలేదు. నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్య గారి దగ్గర సంగీతం నేర్చుకునే దారి చూపించారు. ఇంట్లో గడవని పరిస్థితి. చదువూ సంగీతమూ రెండూ తెగుతూ అతుకుతూ నడిచాయి. పొట్టకూటి పనులు చేసుకుంటూనే పాట వదలలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఒక ముస్లిం హార్మోనిస్టు ఒక పేద పిల్లవాడిని గుర్తుపట్టాడు. ఒక హిందూ గురువు కూర్చోబెట్టి స్వరాలు నేర్పాడు. నాజర్ జీవితంలో ముందు నుంచీ ఇదే వరస. ఒకరు చెయ్యి అందిస్తే, ఇంకొకరు నిలబెట్టారు. ఎవరూ కులం అడగలేదని నేను చెప్పను. అడిగినవాళ్లు అడిగారు. అడగనివాళ్ల వల్ల ఆయన నిలబడ్డారు.

ముగ్గురు చేసే పని

బుర్రకథ చూడని వయసువాళ్లు ఇది చదువుతుంటే వాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను.

బుర్రకథకు ముగ్గురు కావాలి. మధ్యలో కథకుడు. ఆయన భుజం మీద తంబుర, చేతి వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు, తలపాగా, పొడుగు అంగరఖా. రెండు పక్కలా ఇద్దరు వంతలు. వాళ్ల చేతుల్లో డక్కీలు, కొన్నిచోట్ల గుమ్మెటలు అంటారు. ఒక వంత హాస్యం చూసుకుంటాడు. జనం అలసిపోతున్నారనిపిస్తే నవ్విస్తాడు. ఇంకో వంత రాజకీయం చూసుకుంటాడు. పాత కథ నడుస్తుండగా మధ్యలో దూరి, ఇప్పటి ఊరి సంగతి, ధరల సంగతి, దొరల సంగతి అడుగుతాడు. కథకుడు జవాబు చెప్తాడు. అట్లా 12వ శతాబ్దపు యుద్ధం చెప్తూనే నిన్నటి బియ్యం ధర గురించి మాట్లాడొచ్చు.

కథకుడు ఒక్కడే ఎంత గొప్పవాడైనా వంత సరిగ్గా అందకపోతే కథ కుంటుతుంది. పాట ఎత్తుకున్నాక ఊపిరి తీసుకునే ఖాళీని వంతలే నింపాలి. నాజర్ దళంలో రామకోటి, పురుషోత్తం వంతలు. ఆ ముగ్గురూ కలిసి తిరిగిన రోజుల్లోనే నాజర్ పేరు జిల్లాలు దాటింది.

ఈ కళ నాజర్ కనిపెట్టింది కాదు. అంతకు ముందు నుంచీ జంగాలు ఇంటింటా, సంతల్లో, తిరునాళ్లలో చెప్పుకుంటూ వచ్చిన జంగం కథే దీనికి మూలం. తందాన కథ అని కూడా అన్నారు. భిక్ష కోసం చెప్పే కథగా జనం దాన్ని చూసేవాళ్లు. నాజర్, ఆయనతో పాటు నడిచినవాళ్లు దాన్ని వేలమంది కూర్చుని వినే పెద్ద సభ కళగా మార్చారు. నాజర్ తాను నేర్చుకున్న సంగీతాన్ని అందులోకి తెచ్చారు. నాటకంలో నేర్చిన అభినయాన్ని తెచ్చారు. కత్తి దూసినట్టు, గుర్రం ఎక్కినట్టు, తల్లి ఏడ్చినట్టు ఒక్క మనిషే చూపించేవారు. వేదిక మీద ఏ సామానూ అక్కర్లేదు.

1943: బెంగాల్ ఆకలి, ఆంధ్ర ఊళ్లు

1943లో బెంగాల్‌లో కరువు వచ్చింది. యుద్ధకాలం. బర్మా జపాన్ చేతికి పోయి అక్కడి బియ్యం ఆగిపోయింది. ధరలు ఆకాశానికి పోయాయి. కూలీ జనం వీధుల్లో పడి చనిపోయారు. చనిపోయినవాళ్లు 30 లక్షల దాకా ఉంటారని అంచనా. అదే ఏడాది బొంబాయిలో ఇప్టా పుట్టింది. తెలుగునాట దానికి తోడుగా ప్రజానాట్యమండలి వచ్చింది. డాక్టర్ గరికపాటి రాజారావు దాన్ని నడిపించినవాళ్లలో ముందున్నారు. వృత్తికి వైద్యుడు, మనసంతా నాటకం.

గుంటూరు జిల్లా కమ్యూనిస్టు కార్యకర్తలు నాజర్‌లోని కళాకారుణ్ని గుర్తుపట్టి ఈ పనిలోకి తెచ్చారు. బెంగాల్ కరువు మీద బుర్రకథ తయారైంది. తెలుగు పల్లెటూళ్లో కూర్చున్న రైతుకు, కలకత్తా వీధిలో గంజి కోసం చెయ్యి చాపుతున్న తల్లి కనిపించేలా కథ చెప్పడం మామూలు విషయం కాదు. మధ్యలో వందల మైళ్ల దూరం. పేపరు చదివేవాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో. రేడియో ఉన్న ఇల్లు వెతికినా దొరకదు. ఆ రోజుల్లో ఊరికి వార్త తెచ్చింది బుర్రకథే. ఒక రకంగా మా విలేకరుల పని అప్పుడు వాళ్లు చేశారు.

నేను చదివింది బీకాం. అందుకే ఏ కథ విన్నా ముందు దీనికి డబ్బు ఎవరు పెట్టారని అడగడం నాకు అలవాటు. నాజర్ బుర్రకథ లెక్క వేసి చూడండి. టికెట్ లేదు. థియేటర్ లేదు. దళం ఊళ్లోకి వస్తే పడుకోడానికి ఎవరిదో అరుగు. అన్నం ఎవరిదో ఇల్లు. ఊరి నుంచి ఊరికి పోవడానికి ఎవరిదో ఎడ్లబండి. నాలుగు గుంజలు పాతి, పలకలు పరిచి వేదిక కట్టేది ఊరి కుర్రాళ్లు. వెలుగు కోసం పెట్రోమాక్స్ లైట్లు. జనం చాపలూ గోనెపట్టాలూ ఎవరివి వాళ్లే తెచ్చుకుంటారు. కథ అయ్యాక జోలె పడితే బెంగాల్ కోసం అణా, బేడ, దోసెడు బియ్యం పడతాయి. చందాపుస్తకంలో పెట్టుబడిదారు పేరు రాయాలంటే ఊరు అని రాయాలి.

మగవాళ్లే కాదు. మోటూరు ఉదయం లాంటి ఆడవాళ్లు సొంతంగా మహిళా బుర్రకథ దళం కట్టి వేదిక ఎక్కారు. 1940ల నాటి తెలుగు పల్లెటూళ్లో ఆడపిల్ల తంబుర పట్టుకుని వేలమంది ముందు నిలబడిందంటే, ఆ ఇంటి వాళ్లూ ఆ ఊరి వాళ్లూ కూడా కొంత మాట పడటానికి సిద్ధపడి ఉండాలి. కళకు ఊరు పెట్టే పెట్టుబడిలో అదీ ఒకటి.

పల్నాడు, బొబ్బిలి, మన్యం

నాజర్ చెప్పిన కథల్లో మూడు జనం గుండెల్లో నిలిచిపోయాయి. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు.

పల్నాటి కథ గుంటూరు మనిషికి సొంత ఇంటి కథ. మాచర్ల, గురజాల, కారంపూడి పేర్లు విన్నవాళ్లకు అవి బస్సు వెళ్లే ఊళ్లు. సవతి అన్నదమ్ముల మధ్య రాజ్యం కోసం తగాదా, కోడిపందెం, అడవిలో ఏళ్ల వలస, చివరికి కారంపూడి రణం. అందులో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన చాపకూడు ఘట్టం ఉంది. దస్తర్‌ఖాన్ మీద పక్కపక్కన కూర్చుని తినే మనకు ఆ మాట కొత్తది కాదు. కానీ ఆ రోజుల్లో ఆ కథ వింటున్న ఊళ్లో కులానికో బావి ఉండేది. ఆ సభలో ఒక దూదేకుల మనిషి గజ్జె కట్టి చాపకూడు గురించి చెప్తుంటే, కింద వేర్వేరుగా కూర్చున్న జనం మెదడులో ఏదో ఒకటి కదిలి ఉంటుంది.

బొబ్బిలి కథ 1757 నాటిది. ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు ఒక పక్క, విజయనగరం రాజు పంతం ఒక పక్క. మధ్యలో బుస్సీ దివాను హైదర్ జంగ్. కోట మట్టిలో కలిసిపోయినా తాండ్ర పాపారాయుడు పగ తీర్చుకోవడంతో కథ ముగుస్తుంది. ఇట్లాంటి కథను ఇప్పుడు చాలామంది మతాల తగాదాగా చెప్పాలని చూస్తారు. అప్పట్లో బుర్రకథ వేదిక మీద అది పరాయి సేనల్ని తెచ్చుకుని సాటి రాజు మీదకు పోయిన పొరపాటు కథ. చెప్పేవాడు సాయిబైనా, వినేవాడు కాపైనా, మాదిగైనా ఏడ్చింది ఒకే చోట.

అల్లూరి కథ మరీ దగ్గరిది. 1922లో మన్యంలో మొదలైన తిరుగుబాటు 1924 మే 7న అల్లూరిని కాల్చి చంపడంతో ముగిసింది. నాజర్ ఆ కథ ఎత్తుకునేనాటికి అల్లూరిని కళ్లారా చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. తెల్లదొర పాలన ఇంకా నడుస్తున్న రోజుల్లోనే ఆ పేరు జనం ముందు ఎత్తాలంటే, పాట ఒక్కటే చాలదు. కింద కూర్చున్నవాళ్లు పోలీసులకు చెప్పరన్న నమ్మకం కూడా ఉండాలి.

నిషేధం వచ్చినప్పుడు

ఆ నమ్మకం ఊరికే అనలేదు. బుర్రకథను మద్రాసు రాష్ట్రంలో ప్రభుత్వం నిషేధించింది. హైదరాబాద్‌లో నిజాం సర్కారూ నిషేధించింది. ముగ్గురు మనుషులు, ఒక తంబుర, రెండు డక్కీలు. దానికి రెండు సర్కార్లు భయపడ్డాయంటే అది ఎంత లోతుగా జనంలోకి పోయిందో అర్థం చేసుకోవచ్చు. తెలంగాణలో రైతాంగ పోరాటం నడుస్తోంది. అక్కడి కథ కోస్తాలో, ఇక్కడి పాట అక్కడ వినిపిస్తోంది. 1948 తర్వాత కమ్యూనిస్టుల మీద నిర్బంధం పెరిగింది. ప్రజానాట్యమండలి దళాలు చెల్లాచెదురయ్యాయి. కొందరు జైలుకు, కొందరు అజ్ఞాతంలోకి, కొందరు బతుకుతెరువు వెతుక్కుంటూ మద్రాసుకు పోయారు.

మద్రాసు అంటే అప్పట్లో తెలుగు సినిమా.

పల్లె వేదిక మీది వాళ్లు తెర మీదికి

ఈ సంగతి మన సినిమా అభిమానులకు కూడా సరిగ్గా తెలియదు. 1950లలో తెలుగు సినిమాకు వెళ్లిన మంచి నటులు, దర్శకులు, సంగీతకారుల్లో చాలామంది ప్రజానాట్యమండలి నుంచి వెళ్లినవాళ్లే. తాతినేని ప్రకాశరావు 1952లో పల్లెటూరు సినిమాతో దర్శకుడయ్యారు. అందులో ఎన్టీ రామారావు హీరో. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కథ. వేములపల్లి శ్రీకృష్ణ తెలుగువాడి పౌరుషం మీద రాసిన పాట ఆ సినిమాతోనే ఊరూరా మోగింది. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి మండలి నాటకాల నుంచే తెర మీదికి వచ్చారు.

డాక్టర్ రాజారావు 1953లో పుట్టిల్లు సినిమా తీశారు. జమునకు అదే మొదటి సినిమా. అల్లు రామలింగయ్యకు కూడా అదే మొదటిది. ఇప్పుడు అల్లు పేరు వింటే దేశం మొత్తం గుర్తుపడుతుంది. ఆ పేరు తెర మీద మొదట కనిపించింది పల్లెల్లో నాటకాలాడిన ఒక డాక్టర్ తీసిన సినిమాలో. కానీ పుట్టిల్లు ఆడలేదు. రాజారావు నష్టపోయారు.

నా బీకాం బుద్ధి మళ్లీ ఇక్కడ ఆగుతుంది. అదే మనుషులు, అదే ప్రతిభ. ఊళ్లో బుర్రకథ నష్టపోలేదు, మద్రాసులో సినిమా నష్టపోయింది. ఎందుకంటే ఊళ్లో ఖర్చు వంద ఇళ్లు పంచుకున్నాయి. ఒకరు బండి, ఒకరు అన్నం, ఒకరు దీపం. ఒక్కరి మీద బరువు పడలేదు. సినిమాకు మాత్రం రాజారావు ఒక్కడే పూచీ పడ్డాడు. కళ మీద ప్రేమ ఉన్న మనిషి ఒంటరిగా బాకీ మోస్తే ఏమవుతుందో అక్కడ చూశాం. 1963లో ఆయన పోయారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు కూడా నిండలేదు.

నాజర్ కూడా తెర మీద కనిపించారు. 1954లో పక్షిరాజా వాళ్లు తీసిన అగ్గిరాముడులో ఎన్టీఆర్, భానుమతి జంట. అందులో నాజర్ దళం అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పింది. పల్లెల్లో ఆయన్ను చూసినవాళ్లు సినిమాలో మళ్లీ చూడటానికి టౌనుకు బండ్లు కట్టుకుని వెళ్లారని మా నానీమా చెప్పేది. ఆమె కూడా వెళ్లింది. సినిమా కథ ఏంటని అడిగితే ఆమెకు గుర్తులేదు. బుర్రకథ మాత్రం గుర్తుంది. మన దగ్గర ఆ సినిమా నిలిచి ఉంటే, ఆ కొన్ని నిమిషాల కోసం ఇవాళ కూడా చూడొచ్చు. నాజర్ వయసులో ఉన్నప్పటి అడుగు, గొంతు, చూపు ఎట్లా ఉండేవో అందులో ఉంది.

అయినా నాజర్ మద్రాసులో స్థిరపడలేదు. ఆయన కళకు మూడు వైపులా జనం కావాలి. కెమెరా ఒక్క కన్నుతో చూస్తుంది, తందాన అంటే తిరిగి తందాన అనదు. ఆయన మళ్లీ పల్లె దారే పట్టారు.

పద్మశ్రీ వచ్చినా

ఆ తర్వాత దశాబ్దాల పాటు నాజర్ తిరుగుతూనే ఉన్నారు. కొత్త దళాలకు నేర్పారు. తాను నేర్చుకున్నది దాచుకోలేదు. ఎవరొచ్చి అడిగినా అడుగులు, దరువులు చెప్పారు. తెలుగు జిల్లాల్లో తర్వాత బుర్రకథ చెప్పిన ఎంతోమందిలో ఆయన అడుగు కనిపిస్తుంది. స్వాతంత్ర్యం తర్వాత, ఒకప్పుడు నిషేధించిన సర్కారే బుర్రకథను పిలిచి పని చెప్పింది. కుటుంబ నియంత్రణ, పొదుపు, వ్యవసాయం, ఆరోగ్యం, ఏది జనానికి చెప్పాలన్నా బుర్రకథ దళాన్ని ఊళ్లోకి పంపారు. దాంతో కొన్ని దళాలకు నాలుగు రోజులు అన్నం దొరికింది. అదే సమయంలో బుర్రకథ అంటే సర్కారు ప్రచారం అనే పేరు కూడా వచ్చింది. ఊరు పిలిస్తే వచ్చే కళ, ఆఫీసు నుంచి ఆర్డరు వస్తే వచ్చే కళ ఒకటి కావు.

1986లో పద్మశ్రీ ప్రకటించారు. దూదేకుల ఇంట్లో పుట్టి, హార్మోనిస్టు ఖాదర్ చెయ్యి పట్టుకుని నరసరావుపేట పోయిన పిల్లవాడికి అరవై ఆరేళ్ల వయసులో దేశం ఇచ్చిన గుర్తింపు. 1997 ఫిబ్రవరి 22న ఆయన వెళ్లిపోయారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. 

మన వంతు ఏంటి

నాజర్ గురించి రాసేవాళ్లు సాధారణంగా రెండు మాటలతో ముగిస్తారు. గొప్ప కళాకారుడు, ఆయన లేని లోటు తీరనిది. నాకు ఆ మాటలు చాలవనిపిస్తుంది. లోటు ఆయనది మాత్రమే కాదు. ఆయన్ను మోసిన ఊళ్లది. పాడేవాళ్లు అన్ని రోజుల్లోనూ పుడతారు. అరుగు ఇచ్చేవాళ్లు, అన్నం పెట్టేవాళ్లు, బండి కట్టేవాళ్లు, తెల్లార్లూ కూర్చునేవాళ్లు ఉంటేనే వాళ్లు నాజర్లు అవుతారు.

ఇప్పుడు ఊళ్లో ఉత్సవం అంటే డీజే. అద్దె వేలల్లో ఉంటుంది. చందాలు వేసుకుని మరీ ఇస్తున్నాం. కాబట్టి డబ్బు లేదనడం నిజం కాదు. అందులో నాలుగో వంతు ఇస్తే ఒక బుర్రకథ దళం వస్తుంది. అందరికీ వినబడుతుంది, ఎవరికీ గుండెదడ రాదు. కొన్ని దర్గాల ఉరుసుల్లో ఖవ్వాలీ పార్టీలకు కమిటీలు ఘనంగానే ఇస్తాయి. ఆ ఉరుసుకు వచ్చే జనంలో సగం మందికి పైగా తెలుగువాళ్లే ఉండే చోట, ఖవ్వాలీ పక్కన ఒక రాత్రి బుర్రకథ పెడితే ఎవరికి అభ్యంతరం? కమిటీ పెద్దలు ఆలోచించాలి.

ఇంకో పని మరీ సులువు. మీ ఊళ్లో పాత దళంలో వంత చేసిన తాత ఎవరైనా బతికి ఉన్నారేమో అడగండి. కథకుల పేర్లు అందరికీ గుర్తుంటాయి, వంతల పేర్లు ఎవరికీ గుర్తుండవు. ఫోన్‌లో గంట రికార్డు చేయండి. డక్కీ దరువు ఎట్లా వేసేవారో చెప్పించుకోండి. వృద్ధ కళాకారులకు రెండు రాష్ట్రాల్లోనూ పింఛను ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆయనకు అది వస్తోందో లేదో కనుక్కోండి. రాకపోతే అర్జీ రాసి పెట్టండి. అర్జీ రాయడానికి కళాకారుడు కానక్కర్లేదు, చదువుకున్నవాళ్లయితే చాలు.

మన పిల్లలకు ఇంట్లో గాలిబ్ పేరు చెప్తాం, ఇక్బాల్ పేరు చెప్తాం, మఖ్దూం పేరు చెప్తాం. మంచిదే. ఆ వరుసలో పొన్నెకల్లు నాజర్ పేరు కూడా చెప్పండి. తెలుగు మన ఇంటి భాష కాదని ఎవరైనా అంటే జవాబుగా చెప్పడానికి కాదు. అది మన ఇంటి భాష కాబట్టి చెప్పాలి. పింజారి అనే మాటను మన పిల్లలు ఎప్పుడైనా తిట్టుగా వాడితే, పక్కన కూర్చోబెట్టి ఆ పేరుతో ఒక పుస్తకం ఉందని చెప్పండి.

నేను ఈసారి నానీమా ఊరికి వెళ్లినప్పుడు బుర్రకథ జరిగిన చోటు ఎక్కడని అడిగాను. పెద్దవాళ్లు చూపించారు. అక్కడిప్పుడు సిమెంటు రోడ్డు, పక్కన వాటర్ ట్యాంకు. ఖాళీ స్థలం ఇంకా కొంచెం మిగిలి ఉంది. వేదిక కట్టడానికి నాలుగు గుంజలు పాతేంత చోటుంది. వచ్చే ఫిబ్రవరి 5కు ఒక దళాన్ని పిలుద్దామని ఊళ్లో కుర్రాళ్లు ముగ్గురు ఒప్పుకున్నారు. భోజనం మా మామూ ఇంట్లో. మిగతా ఖర్చు ఎట్లా పంచుకోవాలో లెక్క రాసే పని నాకు అప్పజెప్పారు.